బయలు మార్గానికో ఎదురుమాట

ఆ వేసవిలో మా ఆయనకి పీఠం వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే నోరు పడిపోయింది. పీఠమంటే వెండి సింహాసనమేమీ కాదు, బయలు మార్గానికి ఇక నువ్వే పెద్ద అని మావాళ్ళంతా కలిసి ఒప్పుకోవడం. నోరు పడిపోవడమంటే జబ్బూ కాదు. ఆ సంగతే చెప్తాను.

మాది మంగలి కొట్టు. మందుల షాపుకీ సైకిళ్ళ రిపేరు షాపుకీ మధ్య ఇరుక్కున్న గది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, గోడకి వేలాడే తోలుపట్టీ, దాని మీద కత్తి నూరే చప్పుడు. వెనక తలుపు తీస్తే మా వంటిల్లు. ఆ తలుపు దగ్గర మడతకుర్చీ వేసుకుని మా అత్తగారు కూర్చుంటుంది. ఎవరి నెత్తి మీద సుడి ఏ వైపు తిరిగిందో చూసి, అది వాళ్ళ తాత పోలికో మేనమామ పోలికో చెప్పేస్తుంది. కొందరు అది వినడానికే నెల తిరక్కుండా జుట్టు పెంచుకుని వచ్చేవాళ్ళు.

మా మార్గంలో బోధ జరిగేది ఆ కుర్చీలోనే. వేరే గుడి లేదు, మఠం లేదు. శిష్యుడు కుర్చీలో కూర్చోవాలి. మెడ చుట్టూ గుడ్డ కట్టి, చెంపలకి నురగ పట్టించి, గడ్డం కిందకి కత్తి వచ్చాక గురువు మొదలుపెడతాడు. శిష్యుడు నోరు తెరవకూడదు. తెరిస్తే గాటు పడుతుంది. అందుకే మా వాక్యాలన్నీ పొట్టివి, కత్తి ఒకసారి దిగే లోపల అయిపోతాయి.

"పొద్దున దీనికి నూనె రాశావు. నా జుట్టు అన్నావు." కత్తెర కదులుతుంది. "ఇప్పుడది నేల మీద ఉంది. మా ఆవిడ చీపురుతో ఊడుస్తుంది. నీ జుట్టుని ఊడుస్తోందని నీకు కోపం రాలేదు. మరి ఆ 'నా' ఎటు పోయింది?"

అక్కడ్నించి ఒక్కొక్కటే దించుకుంటూ పోతాడు. నా చర్మం, నా ఒళ్ళు, నా మనసు. చివరికి ఇదంతా తెలుసుకుంటున్నవాడున్నాడే, వాణ్ణి కూడా కిందకి దించేస్తే మిగిలేది బయలు. వట్టి ఆరుబయలు. అంతే మా మార్గం. బట్టలుతికేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు తరతరాలుగా ఇలా కుర్చీలో కూర్చుని విని, అద్దంలో మొహం చూసుకుని, పనికి వెళ్ళిపోయేవాళ్ళు.

వేసవి మొదట్లో మా ఆయన మేనమామ పోయారు. ఆయనే మా పాత గురువు, మా ఆయన చేత కూడా బోధ చెప్పించేవారు. ఆయన కొడుకు పెద్ద కంట్రాక్టరు, వంతెనలు కట్టిస్తాడు. కత్తి పట్టడం నేర్చుకోలేదు. కత్తి పట్టనివాడికి మా పీఠం రాదు కాబట్టి అది మేనల్లుడైన మా ఆయనకి వచ్చింది. కంట్రాక్టరుకి అందుకు కష్టమేం లేదు. కష్టమంతా వేరే.

"నాన్న పోయినప్పుడు పేపర్లో ఏమేశారో చూశావా చెల్లెమ్మా? 'ప్రముఖ క్షురకుడి మృతి' అని వేశారు. గురువు అన్న మాట ఎక్కడా లేదు," అన్నాడు ఒకరోజు, మా వంటింటి గడప మీద కూర్చుని. అంత పెద్దమనిషీ ముక్కు ఎగబీల్చాడు. నాకు మనసు చివుక్కుమంది.

తండ్రి పేరు మీద ఆయన ఒక హాలు కట్టిస్తున్నాడు. మార్గానికి అదే పీఠం. మేడ మీద కొత్త గురువు కాపురానికి మూడు గదులు. నేను వెళ్ళి చూసొచ్చాను. వంటగదిలో గోడంత వెడల్పు కిటికీ ఉంది. మా వంటింట్లో మధ్యాహ్నం కూడా దీపం వేసుకోవాలి. ఆ కిటికీ చూశాక నాకు మార్గం మీద భక్తి రెట్టింపయింది. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?

తర్వాతి వారం కంట్రాక్టరు ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు. పేరుపొందిన పండితుల కుటుంబం. ఉన్న దర్శనాలన్నిటి మీదా పెద్ద పుస్తకం రాస్తున్నారట. కుర్చీలో కూర్చోమంటే మొహమాటపడి బెంచీ మీద కూర్చున్నారు.

కంట్రాక్టరు మాత్రం నిలబడే మొదలుపెట్టాడు. "బావా, హాలు తెరిచాక నువ్విక కత్తి ముట్టకూడదు. కొట్టు మూసెయ్. పీఠం మీద కూర్చునేవాడు వీధిలో వాళ్ళ గడ్డాలు గీస్తే లోకం నవ్వదూ?"

"మామయ్య గీశాడుగా," అన్నాడు మా ఆయన.

"అందుకే మనం ఇంకా సైకిల్ షాపు పక్కనే ఉన్నాం."

ప్రొఫెసరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మెత్తగా మాట్లాడే మనిషి. "మీది దర్శనమే, నాకు అనుమానం లేదు. కానీ లైబ్రరీలో మీ మాటలు ఏ బీరువాలో ఉన్నాయో తెలుసా? కులవృత్తుల పాటలు అని ఒకటుంది, అందులో. ఇవే మాటలు ఏ సన్యాసో సంస్కృతంలో అనుంటే దానికో భాష్యం ఉండేది. భాష్యానికి టీక ఉండేది. ఆ టీక తప్పని ఇంకో మఠంవాళ్ళు రాసిన గ్రంథం ఉండేది. తత్వానికి హోదా అలాగే వస్తుందమ్మా."

"మరి మాది తప్పని ఎవరూ ఎందుకు రాయలేదండీ?" అన్నాను.

"తప్పని వాదించాలంటే ముందు ఎదురుగా కూర్చోవాలి కదా. మీ ఎదురుగా ఎవరూ కూర్చోలేదు."

"ఎందుకు కూర్చోలేదు నాయనా?" అంది మా అత్తగారు తలుపు దగ్గర్నించి. "మీ తాతల కాలం నుంచీ కూర్చున్నారు, గడ్డాలకి. లేచి తిన్నగా ఇంటికెళ్ళి మేం ముట్టుకున్న ఒళ్ళు కడుక్కున్నారు."

కంట్రాక్టరు దగ్గాడు. ప్రొఫెసరు గారు నవ్వబోయి ఆగిపోయి, నిజమేనన్నట్టు తల ఊపారు.

అసలు విషయం అప్పుడు బయటపడింది. పుస్తకంలో మాకు ఒక అధ్యాయం ఇవ్వాలని ఆయన కోరిక. అచ్చువేసేవాళ్ళు మాత్రం, మొదటి గురువు ఎవరో, ఏ పరంపరో చెప్పలేకపోతే చివర్లో అనుబంధంగా నాలుగు పేజీలు చాలు అంటున్నారట. కంట్రాక్టరు దానికొక ఉపాయం ఆలోచించి పెట్టాడు. మా మొదటి గురువు పుట్టుకతో పండితుల బిడ్డ. ఒక సన్యాసి ఆ బిడ్డని మంగలి ఇంట్లో దాచిపెట్టాడు. పెరిగింది మాత్రమే మా ఇంట్లో. హాలు తెరిచే రోజున కొత్త గురువు తన నోటితో ఆ మాట అంటే చాలు, అదే పరంపర అయిపోతుంది.

"దీనికి ఆధారం లేదు," అన్నారు ప్రొఫెసరు గారు, తన చేతులవైపు చూసుకుంటూ. "కాదనడానికీ ఆధారం లేదు. ఆ ఒక్క వాక్యంతో తలుపు తెరుచుకుంటుందంటే..."

"మనల్ని ఎవరు కాదంటారు బావా?" అన్నాడు కంట్రాక్టరు. "నాన్న ఫోటో పుస్తకంలో పడుతుంది. గురువు అని కింద రాసి పడుతుంది."

మా ఆయన "చూద్దాం" అన్నాడు. పెళ్ళయిన కొత్తలోనే నాకు తెలిసింది, ఆయన "చూద్దాం" అంటే ఒప్పుకోలేదనీ కాదు, ఒప్పుకున్నాడనీ కాదు. అవతలివాళ్ళు బాధపడతారని భయం.

కొట్టు మూశాం. తలుపు మీద "మరమ్మతులు" అని అట్ట తగిలించాడు కంట్రాక్టరు, మరమ్మతు చేసేదేమిటో ఎవరికీ తెలియదు. హాల్లో ఉపన్యాసం అలవాటు చేయించడానికి మా ఆయన్ని తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. వేదిక మీద మైకు, ఎదురుగా వరసలుగా కుర్చీలు, ముందు వరసలో సంఘం పెద్దలు ఆరుగురు. మా ఆయన మైకు ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. పొద్దుట్నించి రాత్రి దాకా కత్తెరతో పోటీపడి మాట్లాడే మనిషి నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడలేదు. చేతులు మాత్రం గాల్లో ఏదో దువ్వుతున్నాయి.

"ఏమైందండీ?" అని అడిగాను బయటికొచ్చాక.

"అన్నీ మొహాలేనే!" అన్నాడు బిక్కమొహం వేసి. "నేనెప్పుడైనా మొహాలతో మాట్లాడానా? నెత్తి వైపు నుంచి చెప్పేవాణ్ణి."

నాకు నవ్వాగలేదు. నవ్వాక భయం వేసింది. ఇంటికొచ్చినా ఆయనకి మాట రాలేదు. కొట్టు లేని మగమనిషి ఇంట్లో ఉంటే ఎంత కష్టమో ఆ రోజుల్లో చూశాను. నేను కూర తరుగుతుంటే ముక్కలన్నీ ఒకే కొలతకి లేవని పేచీ. వాళ్ళమ్మ తల దువ్వి, మళ్ళీ దువ్వి, ఆవిడ చెయ్యి విదిలించేదాకా వదిలేవాడు కాదు. సాయంత్రం మూసిన కొట్టులో కూర్చుని ఖాళీ కుర్చీ తిప్పుకునేవాడు. ఉపన్యాసం రాసిచ్చిన కాగితం కంట్రాక్టరు పంపితే, పైకి చదవమని నేనన్నాను. సన్యాసి మాట దగ్గరికి వచ్చేసరికి ఆయనకి దగ్గు వచ్చేది. ప్రతిసారీ అక్కడే వచ్చేది.

ఒక మధ్యాహ్నం ప్రొఫెసరు గారు ఒంటరిగా వెనక గుమ్మం వైపు వచ్చారు. మొదటి గురువు గురించి ఇంకేమైనా తెలుసేమో కనుక్కుందామని. వంటింట్లో పీట వేశాను. మొహమాటపడకుండా కూర్చున్నారు. మా అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ చెప్పింది.

"మా మొదటి గురువు మంత్రసాని, నాయనా. మగవాళ్ళు గడ్డాలు గీస్తుంటే మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాన్పులు చేసేవాళ్ళు. అన్ని ఇళ్ళకీ వెళ్ళేవాళ్ళం, మీ ఇళ్ళకి కూడా. ఒకరోజు ఆవిడ బిడ్డకి బొడ్డు కోసి, ఆ ముక్క చేతిలో పట్టుకుని, ఇదెవరిది అని అడిగిందట. తల్లిదా, బిడ్డదా? ఇందాకటిదాకా ఇద్దరిదీ. ఇప్పుడు ఇద్దరూ నాది అనరు. ఆ మాట పట్టుకుని ఆవిడ ఎన్నాళ్ళో ఆలోచించింది. ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. మొగుడు దాన్ని జుట్టు మీద పెట్టి కొట్టులో చెప్పాడు. జుట్టు మాట ఆయనది. అసలు మాట ఆవిడది."

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ మాట ఎక్కడో విన్నాను, కానీ చెవిన పెట్టలేదు. ఆ రోజు విన్నాను. మా అమ్మ, మా అమ్మమ్మ చేసిన పని అది. ఎవరి బొడ్డు కోసినా గుమ్మం అవతలే నిలబెట్టి పంపిన చేతులవి. అదే చేత్తో ఇంత మాట పుట్టిందంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాట ఆవిడది కాదు, దాచిపెట్టిన పండితుల బిడ్డది అని మా ఆయన మైకులో చెప్పబోతున్నాడు. కిటికీ మీద మనసు ఆ క్షణాన్నే విరిగింది.

"మాస్టారూ," అన్నాను, "మీ సన్యాసిని తెచ్చి అతికించి మాకు పెద్దపీట వేయిస్తారు, బాగానే ఉంది. కానీ ఆ పీట మీద కూర్చునేది మేం కాదు కదండీ. ఆ సన్యాసే కదా."

ఆయన చేటవైపు వంగారు. బియ్యంలో రాయి ఒకటి కనపడితే తీసి పక్కన పెట్టారు. "నేను ఆ సలహా ఒప్పుకోవడం సరికాదమ్మా," అన్నారు చివరికి. మళ్ళీ, "మంత్రసాని చెప్పిన మాట బాగుంది. కానీ అది తప్పయితే?" అన్నారు.

"అంటే?"

"ఏం లేదు. ఆలోచిస్తున్నాను." లేచి వెళ్ళిపోయారు.

కొట్టు వైపు తలుపు సందులోంచి మా ఆయన అంతా విన్నాడని నాకు తెలుసు. రాత్రి అన్నం దగ్గర అడిగేశాను. "ఏమండీ, రేపు ఆ సన్యాసి మాట అంటారా?"

"బావ మొహం చూస్తే జాలేస్తుందే. వాడు అడిగేది వాడి కోసం కాదు, మామయ్య కోసం."

"మామయ్య గారు ఉంటే అనేవారా?"

ఆయన కంచంలో వేలితో గీతలు గీశాడు.

హాలు తెరిచే రోజు ఉదయానికే జనం నిండిపోయారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. ప్రొఫెసరు గారు ముందు వరసలో కూర్చున్నారు. మా ఆయనకి తెల్లబట్టలు కట్టించారు. మనిషి ఆసుపత్రి మంచం మీంచి లేచొచ్చినట్టున్నాడు.

మా మార్గంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త గురువు మొదటి రోజున ఒకరికి గడ్డం గీసి బోధ చెప్పి తీరాలి. ఇది మాత్రం కంట్రాక్టరు కూడా తీసెయ్యలేకపోయాడు. కత్తి ఒక్కసారి చెంపకి తాకించి, ఆ తర్వాత మైకు ముందుకెళ్ళి కాగితం చదవాలని ఏర్పాటు. కుర్చీలో ఎవరు కూర్చుంటారు? అంత గౌరవం ఇంకొకరికి వదులుతాడా కంట్రాక్టరు? మా కొట్టు కుర్చీ వేదిక మీదకి తెప్పించి, దర్జాగా తనే కూర్చున్నాడు.

మా ఆయన కంట్రాక్టరు మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. నురగ పట్టించాడు. కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కంట్రాక్టరు నడినెత్తి మీద ఆయన చూపు పడడం నేను చూశాను. భుజాలు దిగాయి. కత్తి గడ్డం కిందకి వెళ్ళింది.

"పొద్దున దీనికి సబ్బు రాశావు బావా. నా గడ్డం అన్నావు," అన్నాడు. మైకు అక్కర్లేకుండానే గోడల దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది నాకు.

ఒక చెంప పూర్తయ్యేసరికి చర్మం, ఒళ్ళు, మనసు అన్నీ దించేశాడు. తెలుసుకునేవాణ్ణి కూడా దించేశాడు. మిగిలేది బయలు అన్నాడు. కంట్రాక్టరు కళ్ళతోనే మైకు వైపు, కాగితం వైపు చూపిస్తున్నాడు. మా ఆయన కత్తి తీయలేదు.

"ఇది మనకి ఎవరు చెప్పారు బావా? ఒక మంత్రసాని చెప్పింది. బొడ్డు కోస్తూ చెప్పింది. మన ఇంటి ఆడమనిషి. ఆవిడ ముందు ఇంకెవరూ లేరు. దాచిపెట్టిన బిడ్డ ఎవరూ లేరు. మామయ్య మంగలి, గురువు కూడా. నేనూ అంతే. రేపు పొద్దున్నే కొట్టు తెరుస్తాను."

కంట్రాక్టరు నురగలో పెదవులు కదిలాయి. కత్తి ఇంకా గడ్డం కిందే ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు మాట్లాడకూడదు కదా. నిలువుగుడ్లు వేసుకుని చూస్తూ ఉండిపోయాడు పాపం. ఆడవాళ్ళ వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

అప్పుడే ప్రొఫెసరు గారు లేచారు. రెండు మంచి మాటలు చెప్తారని అందరం సర్దుకుని కూర్చున్నాం.

"నేను ఒప్పుకోను," అన్నారు.

చప్పట్లు ఆగిపోయాయి.

"తెలుసుకునేవాణ్ణి కూడా దించేస్తే బయలు మిగులుతుందన్నారు. మిగిలిందని ఎవరికి తెలిసింది? ఎవరికైనా తెలిస్తే, తెలుసుకునేవాడు ఇంకా దిగలేదన్నమాట. ఎవరికీ తెలియకపోతే, మిగిలిందని మీరెలా చెప్పారు? ఎలా చూసినా మీ మొదటి గురువు మాట నిలవదు. ఆవిడ పొరబడిందని నా వాదన."

ఒక్కసారిగా గోల లేచింది. మా ఆయన కత్తి పక్కకి తీశాడు. నోరు దొరకగానే కంట్రాక్టరు, మెడలో గుడ్డతో, ఒక చెంప నురగతో లేచి నిలబడ్డాడు. "ఏంటిది మాస్టారూ? పిలిచి పీట వేస్తే ఇంత మంది ముందు పరువు తీస్తారా?"

"పరువు తీయడం కాదు నాయనా. మెచ్చుకుంటే అనుబంధంలో నాలుగు పేజీలు చాలు. తప్పని నిరూపించాలంటే మీ మాట మొత్తం ముందు రాయాలి. దానికి అధ్యాయం కావాలి. మంత్రసాని దగ్గర మొదలుపెట్టి మీ నాన్నగారి దాకా, గురువులని పేరు పేరునా రాస్తాను. రాసి ఖండిస్తాను. అచ్చువేసేవాళ్ళు దాన్ని కాదనలేరు."

కంట్రాక్టరు అలాగే నిలబడ్డాడు. ఆ మాట ఆయన బుర్రలోకి దిగడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "నాన్న పేరు... గురువు అనే వేస్తారుగా?"

"వేయకపోతే ఎవరిని ఖండించినట్టు?"

మా ఆయన వేదిక దిగి వచ్చాడు. తెల్లబట్టల మీద నురగ చుక్కలు. ప్రొఫెసరు గారి మొహంలోకి సూటిగా చూశాడు. "మాస్టారూ, ఇంకోసారి చెప్పండి," అన్నాడు. ఆయన మళ్ళీ చెప్పారు. మా ఆయన పెదవులు కదుపుతూ కంఠతా పట్టాడు. "వచ్చే ఆదివారం దాకా టైమివ్వండి," అని, వేదికెక్కి బావ రెండో చెంప గీసి పూర్తిచేశాడు.

మేడ మీది గదులు తర్వాత సంఘం ఆఫీసుకి ఇచ్చేశారు. ఆ కిటికీ కింద ఇప్పుడు బీరువాలు ఉన్నాయట. ఉండనీ.

హాలు తెరిచిన ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాం. దారి పొడుగునా మా అత్తగారు తనలో తనే గొణుక్కుంటూ ఉంది, "ఎవరికి తెలిసింది అంటాడా? బొడ్డు తెగిందని బొడ్డుకి తెలియాలా ఏంటి?" అని. "అమ్మా, అది చాలదు, దానికీ ఆయన ఏదో అంటాడు," అని మా ఆయన అడ్డుపడుతున్నాడు. ఇద్దరూ నడిరోడ్డు మీద ఆగి మరీ పోట్లాడుకుంటున్నారు. మేం కొట్టు దగ్గరికి చేరేసరికి సైకిల్ షాపతను చక్రం ఒకటి ఒళ్ళో పెట్టుకుని పలకరించాడు.

"ఏం గురువుగారూ, ఎలా జరిగింది?"

"మాది తప్పన్నాడయ్యా!" అన్నాడు మా ఆయన. పెళ్ళినాడు కూడా ఆయన మొహం అంత వెలిగిపోలేదు. "అంత పెద్ద పండితుడు, నలుగురిలో లేచి నిలబడి, మాది తప్పన్నాడు!"

"అయ్యయ్యో," అన్నాడు సైకిల్ షాపతను జాలిగా. "పోనీలెండి, మనసులో పెట్టుకోకండి."

"పోనీలెండి ఏంటయ్యా? ఆదివారం జవాబు చెప్పాలి!" అని, మా ఆయన "మరమ్మతులు" అట్ట పీకి అవతల పారేసి, తాళం తీశాడు.